రెండు వందల పదో దెబ్బ

ఆ పనిముట్ల కార్ఖానాలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. జీతాల పట్టీలో తప్ప ఆ పేరు ఎక్కడా కనపడదు. అందరికీ అతను మిల్లీమీటరు. వయసులో చిన్నవాళ్ళు మిల్లీమీటరు గారు అంటారు, ఓనరు ముద్దుగా మిల్లీ అంటాడు. తోటపనికి కావలసిన కత్తెరలు, పారలు, కొమ్మలు కొట్టే కత్తులు తయారుచేసే చిన్న కార్ఖానా అది. రేకుల కప్పు కింద ఇరవై మంది పనివాళ్ళు, ఒక మూల కొలిమి, ఇంకో మూల సానరాళ్ళు, కిటికీ పక్కన అతని బల్ల. కొత్త వస్తువు ఏది చేయాలన్నా మొదటి నమూనా ఆ బల్ల మీదే పుట్టాలి. కొలత దగ్గర అతను ఎవరి మాటా వినడు. "చెప్పులు కొనడానికి కూడా స్కేలు పట్టుకెళ్ళే మనిషి" అని భార్య ఎగతాళి చేసేది. అది నిజమే.

యాభై రెండో ఏట అతనికి ఒక చిన్న గొడ్డలి మీదికి మనసు పోయింది. కారణం బావమరిది.

బావమరిది, అంటే భార్యకి సొంత తమ్ముడు, కొండల్లో నడవడానికి వచ్చేవాళ్ళకి దారి చూపించే గైడు. ఎనిమిది పది మందిని వెంటబెట్టుకుని మూడు నాలుగు రోజులు అడవిలో తిప్పి, గుడారాల్లో పడుకోబెట్టి, మళ్ళీ కిందికి క్షేమంగా దింపడం అతని పని. ఎండకి కమిలిన సన్నటి మనిషి. మొహాన నవ్వు, వీపు మీద సంచి లేకుండా కనిపించేవాడు కాదు. ఇద్దరికీ పదిహేనేళ్ళ తేడా ఉన్నా, ఒకర్నొకరు ఆటపట్టించుకోకపోతే ఆ ఇంట్లో భోజనం అరిగేది కాదు.

"ఇన్ని కత్తులు చేస్తావు కదా బావా, నా సంచిలో పట్టే గొడ్డలి ఒక్కటి చెయ్యలేవా?" అన్నాడొకసారి, అన్నం కలుపుకుంటూ. "మామూలు గొడ్డలి పెడితే కామ కర్ర బయటికి పొడుచుకొస్తుంది. నడుస్తుంటే ప్రతి పొదా దాన్ని పట్టుకుని లాగుతుంది. వెనకాల వచ్చేవాళ్ళ మొహానికి తగులుతుందేమోనని భయం."

"ఎంత సంచి?"

"చూశావా అక్కా, మొదలుపెట్టాడు. ఇప్పుడు టేపు తీస్తాడు చూడు."

నిజంగానే చెయ్యి కడుక్కోకుండానే లేచివెళ్ళి టేపు తెచ్చి సంచి కొలిచాడు.

తల విడిగా, కామ విడిగా రావాలి. రెండూ సంచిలో పక్కపక్కన చెయ్యెడు చోటులో ఇమడాలి. అడవిలో కలిపి బిగిస్తే ఒకే ముక్కలా నిలవాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి నమూనా మరీ బరువైంది. రెండోదాని కామ చేతిలోనే గిర్రున తిరిగింది. మూడోది చూసి ఓనరు, "ఇది గొడ్డలా, కుళాయా?" అన్నాడు. బావమరిది వచ్చినప్పుడల్లా, "నీ రిటైర్మెంటు నాటికైనా అందుతుందా బావా?" అని అడిగేవాడు. అడిగిన ప్రతిసారీ అతను నవ్వేవాడు గాని, ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకునేది. చెయ్యలేకపోయాడన్న పేరు అతనికి అలవాటు లేదు.

నాలుగో నమూనా అందంగా వచ్చింది. కామ బోలు గొట్టం. దాని లోపలినుంచి ఒక పొడవాటి బోల్టు పైకి వెళ్ళి, గొడ్డలి తలలో ఉన్న మరలోకి ఎక్కుతుంది. కింద చివరనున్న గుండ్రటి పిడిని తిప్పితే తల వచ్చి కామ మీద గట్టిగా కూర్చుంటుంది. చేత్తో ఎంత లాగినా కదలదు. ఓనరు దాన్ని తిప్పి తిప్పి చూసి, పది రోజుల్లో జరగబోయే వస్తు ప్రదర్శనలో పెడదామన్నాడు.

పెట్టేముందు పరీక్ష చేయాలి. మిల్లీమీటరు భార్య గోళ్ళరంగు సీసా అడిగి తెచ్చుకున్నాడు. పిడి మీదనుంచి కామ మీదికి ఒక సన్నటి ఎర్రగీత గీశాడు. పిడి ఏమాత్రం తిరిగినా గీత తెగి రెండు ముక్కలవుతుంది, ఇట్టే తెలిసిపోతుంది. బుధవారం సాయంత్రం, పనివాళ్ళు వెళ్ళిపోయాక, గట్టి మొద్దు ఒకటి ముందేసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. ఆగి ఆగి గీత చూసుకుంటూ వంద దెబ్బలు కొట్టాడు. గీత చెక్కుచెదరలేదు. రెండు వందలు దాటాడు. రెండు వందల పదో దెబ్బ దగ్గర ఆగి చూస్తే గీత తెగి ఉంది. జరిగింది ఎంతో కాదు, గోరంచు మందం. మళ్ళీ బిగించి కొత్తగా గీత గీసి ఇంకో వంద కొట్టాడు. ఈసారి ఏమీ కాలేదు. నోటుబుక్కు తీసి పెన్సిల్‌తో రాశాడు: "210 దగ్గర గీత జరిగింది. మళ్ళీ చూడాలి."

మళ్ళీ చూడలేదు.

గురువారం సాయంత్రం బావమరిది ఇంటికి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే తొమ్మిది మందితో కొండకి బయలుదేరుతున్నాడు. అక్క చేతి టీ తాగి పోదామని వచ్చినవాడు, బావ కార్ఖానానుంచి తెచ్చి బల్ల మీద పెట్టిన గొడ్డలి చూసి గ్లాసు పక్కన పెట్టేశాడు. విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. సంచిలో పెట్టాడు. అది సంచి అడుగుకి పోయి ఆనవాలు లేకుండా కూర్చుంది. సంచి భుజానికి తగిలించుకుని గదిలో అటూ ఇటూ నడిచాడు.

"ఒప్పుకున్నాను బావా. ఇన్నాళ్ళూ అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. రేపు తీసుకెళ్ళనా?"

అప్పుడు ఒక్క మాట చెబితే సరిపోయేది. ఇంకా పరీక్ష పూర్తికాలేదురా, రెండు వందల దెబ్బలకి మర కొంచెం వదులవుతోంది, వారం ఆగు అని. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఏడు నెలల ఎగతాళి తర్వాత, మొదటిసారి ఆ కుర్రవాడి కళ్ళల్లో మెచ్చుకోలు చూస్తూ, "ఆగు" అనడానికి నోరు రాలేదు. గోరంచు మందానికి ఇంత ఆలోచనా అనుకున్నాడు.

"బిగించి వాడు," అన్నాడు. అంతే.

రెండు రోజులు గొడ్డలి బాగానే పనిచేసిందట. తీసి బిగించిన ప్రతిసారీ బావమరిది "మా బావ చేశాడు" అని అందరికీ చూపించాడట. మూడో రోజు పొద్దుగూకే వేళ జల్లు పడింది. కట్టెలు తడిశాయి. లోపలి పొడి చెక్క కోసం వాటిని సన్నగా చీల్చాల్సి వచ్చింది. బావమరిది గొడ్డలి బిగించి కొడుతున్నాడు. రెండు బారల దూరంలో ఒకావిడ రాతి మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. సిటీ బస్సులో కండక్టరు ఆవిడ. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి వారం సెలవు పెట్టి స్నేహితురాళ్ళతో నడకకి వచ్చింది. ఒక దెబ్బకి తల కామని వదిలేసింది. మొద్దుకి తగిలి ఎగిరి, ఆవిడ ఎడమకాలి మడమ పైన పడింది. అక్కడుండే గట్టి నరం తెగిపోయింది.

గుడారం కర్రలతో డోలీ కట్టి, ఆవిడని నాలుగు గంటలు మోసుకుంటూ కిందికి తెచ్చారు. మిల్లీమీటరు ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆపరేషన్ జరుగుతోంది. బావమరిది వరండాలో గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. బట్టలనిండా ఎండిపోయిన బురద. బావని చూడగానే తల ఎత్తాడు.

"నేనే బావా. సరిగ్గా బిగించలేదనుకుంటా. నువ్వు చెప్పావు కూడా. బిగించి వాడు అన్నావు."

మిల్లీమీటరు నోరు తెరిచాడు. అదే సమయానికి నర్సు తలుపు తీసి, పేషెంటు తాలూకు ఎవరని అడిగింది. బావమరిది లేచి ఆమె దగ్గరికి పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి మిల్లీమీటరు నోరు మూసుకుని ఉన్నాడు. బావమరిది మళ్ళీ కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంటే, భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకో," అన్నాడు.

తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అతనికి అర్థం కానిది ఆ ఒక్క మాటే. ఊరుకోవాల్సింది అతను కాదు, చెప్పాల్సింది తను. అది ఆ వరండాలోనే తెలుసు.

కాలు నిలిచింది గాని పాదం మునుపటిలా లేవలేదు. ఆవిడ ఈడుస్తూ నడవాల్సి వచ్చింది. రోజంతా బస్సులో నిలబడే ఉద్యోగం ఇక కుదరదని, బస్టాండులో పాసులు ఇచ్చే కౌంటర్లో కూర్చోబెట్టారు.

వారం తర్వాత గైడ్ల సంఘం వాళ్ళు కార్ఖానాకి ఉత్తరం రాశారు, ప్రమాదం ఎలా జరిగిందో మీ అభిప్రాయం చెప్పమని. ఓనరు ఆ ఉత్తరం మిల్లీమీటరు బల్ల మీద పెట్టాడు.

"మీ బావమరిదే ఒప్పుకున్నాడుగా, బిగించలేదని. రెండు ముక్కలు రాసిచ్చెయ్ మిల్లీ. మీ ఇంటి కుర్రాడని పక్షపాతం చూపించావని ఎవరూ అనుకోకూడదు."

ఓనరుకి నోటుబుక్కు సంగతి తెలియదు. మిల్లీమీటరు కాగితం తీసుకుని రాశాడు: "బోల్టు పూర్తిగా బిగించకుండా వాడినందువల్ల తల ఊడి ఉండవచ్చు." ఆ "ఉండవచ్చు" అన్న మాట రాసేటప్పుడు, తను అబద్ధం రాయలేదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. కింద సంతకం పెట్టాడు. ఆ ఒక్క వాక్యం చూసి సంఘం వాళ్ళు బావమరిది పేరు గైడ్ల జాబితాలోంచి కొట్టేశారు.

నోటుబుక్కులో ఆ పేజీ చింపెయ్యాలని రెండుసార్లు చూశాడు. చెయ్యి రాలేదు. దాన్ని పనిముట్ల పెట్టె అడుగున, అరిగిపోయిన ఆకురాళ్ళ కింద పెట్టి మూత వేశాడు. ఆ తర్వాత పెట్టెలోంచి ఏది తీయాలన్నా పైపైనే తడుముకుని తీసుకునేవాడు.

బావమరిది ఒక సరుకుల గోదాములో అట్టపెట్టెల మీద చీటీలు అంటించే పనిలో చేరాడు. ఇంటికి రావడం తగ్గించలేదు. వచ్చేవాడు, తినేవాడు, వెళ్ళేవాడు. ఎగతాళి మాత్రం మానేశాడు. ఒకరోజు నీళ్ళసీసా మూత బిగించి పక్కన పెట్టి, మళ్ళీ తీసి బిగించి, ఇంకోసారి తీసి బిగించాడు. తను ఏం చేస్తున్నాడో తనకే తెలియనట్టు చేశాడు. వెళ్ళేటప్పుడు గేటు గడియ పెట్టి పదడుగులు వేసి వెనక్కొచ్చి చూసుకున్నాడు. మిల్లీమీటరు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

భార్య రోజూ తమ్ముడికి ఫోన్ చేసేది. "ఇకనైనా ప్రతి పనీ కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యరా," అనేది. పక్క గదిలో కూర్చున్న అతని చెవిన ఆ మాట ప్రతిరోజూ పడేది.

అలా తొమ్మిది నెలలు గడిచాయి. ఒకరోజు కార్ఖానాకి వెళ్తుంటే దారిలో మంచినీళ్ళ పైపు కోసం రోడ్డు తవ్వుతున్నారు. ఒక కూలీ పికాసుతో నేల కొడుతున్నాడు. పని అయ్యాక పికాసు నిలబెట్టి కర్ర కింది కొనని రాతి మీద టక్కున కొట్టాడు. ఇనుము కర్ర మీద జారి కింది చివరనుంచి ఊడొచ్చింది. ఇనుము ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకుని బండి వైపు నడిచాడు. మిల్లీమీటరు అక్కడే నిలబడిపోయాడు. చిన్నప్పటినుంచి చూస్తున్న సంగతే. కర్ర పై కొన లావు, కింది కొన సన్నం. కర్రని పైనుంచి బెజ్జంలోకి దూరుస్తారు. కొట్టేకొద్దీ ఇనుము లావు కొన వైపుకే తోసుకుపోయి ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. దానికి బోల్టు లేదు, మర లేదు, వదులవడానికి ఏమీ లేదు. కళ్ళముందున్న దాన్ని వదిలేసి, తన తెలివి చూపించుకోవడానికి గొట్టాలూ మరలూ పెట్టాడు.

నెలా పదిహేను రోజుల్లో కొత్త గొడ్డలి చేశాడు. నున్నటి చెక్క కామ, పైన లావుగా, కింద సన్నగా. దానికి తగ్గట్టు ఏటవాలు బెజ్జమున్న చిన్న తల. రాతి మీద ఒక్కసారి తడితే విడిపోతుంది, నాలుగు దెబ్బలు వేస్తే అదే బిగుసుకుంటుంది. ఎర్రగీత గీసి ఈసారి మూడు వేల దెబ్బలు కొట్టాడు. చేతులు బొబ్బలెక్కాయి. తల వదులవలేదు, ఇంకా బిగుసుకుంది. ఎవరో చెయ్యి పట్టుకుని ఆపేదాకా కొడుతూనే ఉన్నాడని పనివాళ్ళు చెప్పుకున్నారు.

కార్ఖానా అంతా మెచ్చుకుంది. మెచ్చుకున్న ప్రతి మాటకీ అతను తల దించుకున్నాడు. అణకువ అనుకున్నారు. ఓనరు సంబరపడిపోయి, గొడ్డలితో పాటు ఇచ్చే కాగితం మీద ఏం రాయాలో కూడా తనే తయారుచేసుకుని వచ్చాడు.

"విను మిల్లీ. 'బిగించడం మరిచిపోయారా? ఫరవాలేదు. ఇందులో బిగించే పనే లేదు.' ఎలా ఉంది? ఆ పాత సంగతి విన్నవాళ్ళందరికీ ఇట్టే ఎక్కుతుంది."

మిల్లీమీటరు చేతిలో ఉన్న ఆకురాయి బల్ల మీద పెట్టాడు. రేపు ఆ కాగితం కొట్టు కొట్టునా వేలాడుతుంది. అది చదివి నవ్వే ప్రతివాడూ నవ్వేది తన బావమరిదిని చూసే. "రేపు చెప్తాను," అని ఆ పూటకి సెలవు పెట్టి, పెట్టె అడుగునుంచి నోటుబుక్కు తీసుకుని బయటికి వచ్చాడు.

బావమరిది దగ్గరికి వెళ్ళే ధైర్యం రాలేదు. పరాయి మనిషికి చెప్పడం తేలికనుకున్నాడు. బస్టాండుకి వెళ్ళి పాసుల కౌంటరు ముందు వరుసలో నిలబడ్డాడు. వంతు వచ్చింది.

"ఎక్కడికి?" అంది కండక్టరమ్మ తలెత్తకుండా.

"ఎక్కడికీ కాదండీ."

ఆవిడ తలెత్తి చూసింది. ఆసుపత్రిలో చూసిన మొహం గుర్తుపట్టి, వెనక మెట్ల మీద కూర్చోమంది. భోజనాల వేళకి డబ్బా పట్టుకుని కాలీడుస్తూ వచ్చి పక్కన కూర్చుంది. అతను నోటుబుక్కు తెరిచి ఆ పేజీ చూపించాడు. రెండు వందల పదో దెబ్బ దగ్గరనుంచి ఓనరు రాసిన కాగితందాకా ఏదీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ డబ్బా మూత తియ్యలేదు.

"ఇది మీ బావమరిదికి తెలుసా?"

"తెలీదండీ. ముందు మీకు చెప్పాలని..."

"నాకు చెప్పడం తేలిక కాబట్టి ముందు నా దగ్గరికొచ్చారు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఆ అబ్బాయి ప్రతి ఆదివారం మా ఇంటికొస్తాడు, తెలుసా మీకు? రెండో అంతస్తు మాది. గ్యాస్ సిలిండరు మోస్తాడు. కుళాయిలు బాగుచేస్తాడు. మా అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. మొదట్లో వద్దన్నాను. తర్వాత వద్దనడం మానేశాను, పనులవుతున్నాయి కదాని. అందులో నా తప్పూ ఉంది."

మిల్లీమీటరుకి ఆ సంగతి తెలియదు. ఆదివారాలు ఎక్కడికి వెళ్తున్నాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు బావమరిది.

"నా కాలు సంగతి నేను చూసుకుంటాను," అంది ఆవిడ. "మీమీద కోపం లేదని అబద్ధం చెప్పను, ఉంది. కానీ ఆ అబ్బాయి ఆదివారాలన్నీ ఎవరు వెనక్కిస్తారండీ? ముందు వెళ్ళి అతనికి చెప్పండి. చెప్పేదాకా నా దగ్గరికి రాకండి."

అక్కడినుంచి తిన్నగా బావమరిది గదికి వెళ్ళాడు. గోదాములో పొద్దుటి షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చినట్టున్నాడు. ఎవరిదో గుడారం జిప్పు ఊడిపోతే ఒళ్ళో పెట్టుకుని కుడుతున్నాడు. సంఘంలోంచి తీసేసినా పాత స్నేహితులు ఇలాంటి చిల్లర పనులు ఇచ్చేవాళ్ళు.

"ఏంటి బావా, ఈ వేళప్పుడు? అక్క బాగానే ఉందా?"

"బాగానే ఉంది. నీకో మాట చెప్పాలి. సూది పక్కన పెట్టు."

పెట్టలేదు. మిల్లీమీటరు నిలబడే చెప్పాడు. ఈసారి నోటుబుక్కు తియ్యాల్సిన అవసరం రాలేదు, అన్నీ నోటికే వచ్చాయి. బావమరిది కుట్టు పూర్తిచేసి, దారం పంటితో తెంపి, అప్పుడు అడిగాడు.

"ఎన్ని దెబ్బలకి తిరిగిందన్నావు?"

"రెండు వందల పది."

"నేను అంతకంటే ఎక్కువే కొట్టి ఉంటాను మూడు రోజుల్లో." గుడారం మడిచి పక్కన పెట్టాడు. "నేను బిగించాను బావా. ఆ రోజు. నాకు బాగా గుర్తుంది. పిడి అరచేతికి గుచ్చుకునేదాకా తిప్పాను. ఆ తర్వాత అందరూ బిగించలేదంటుంటే, నేనే అంటుంటే, ఆ గుర్తు అబద్ధమేమో అనుకున్నాను. నా చెయ్యి నాకే అబద్ధం చెబుతోందనుకున్నాను. ఇప్పటికీ తాళం వేస్తే వేశానని నమ్మకం లేదు నాకు. పదకొండు నెలలు."

"తప్పు చేశాన్రా."

"గొడ్డలి తప్పు కాదు. గొడ్డళ్ళు ఊడతాయి. నువ్వు ఆ రోజు వరండాలో చెప్పుంటే, ఇద్దరం కలిసి ఆవిడ దగ్గరికి వెళ్ళేవాళ్ళం. మోసేదేదో ఇద్దరం మోసేవాళ్ళం." లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. "మీరు వెళ్ళండి."

అక్క పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో బావమరిది అతన్ని మీరు అనడం అదే మొదలు.

ఇంటికి వచ్చి భార్యకి చెప్పాడు. ఆమె వింటూ కుర్చీ అంచు మీద కూర్చుంది. కేకలు వేస్తుందేమో అనుకున్నాడు, వెయ్యలేదు.

"నేను రోజూ ఫోన్ చేసి వాణ్ణి ఒళ్ళు దగ్గర పెట్టుకోమన్నాను," అంది చివరికి. "మీరు పక్క గదిలోనే ఉన్నారు. వింటూ ఉన్నారు. నాచేత అనిపించారు."

ఆమె లేచి తమ్ముడి గదికి వెళ్ళిపోయింది. వారం రోజులు అక్కడే ఉంది. తిరిగి వచ్చాక వంటా, ఇంటి పనీ ఎప్పటిలాగే చేసింది. అతనితో మాట మాత్రం అవసరం ఉన్నంతవరకే.

ఆమె అక్కడున్న వారంలోనే మిల్లీమీటరు రెండు ఉత్తరాలు రాశాడు, ఒకటి గైడ్ల సంఘానికి, ఒకటి ఓనరుకి. ఈసారి "ఉండవచ్చు" అన్న మాట ఎక్కడా రాయలేదు. ఏడాది కిందట చింపలేకపోయిన పేజీని బ్లేడుతో జాగ్రత్తగా కోసి సంఘానికి రాసిన ఉత్తరానికి జతచేశాడు. ఓనరు తన ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నన్ను కూడా అబద్ధంలో నిలబెట్టావు మిల్లీ," అన్నాడు. "నువ్వు కొలిచిందంటే మళ్ళీ కొలవక్కర్లేదని పదిమందికి చెప్పుకునేవాణ్ణి."

ఉద్యోగం తీసెయ్యలేదు. కిటికీ పక్క బల్ల మాత్రం తీసేశాడు. కొత్త నమూనాల పని ఇంకొకరికి అప్పగించి, మిల్లీమీటరుని తయారైన సరుకు బయటికి వెళ్ళేముందు చూసే చోట కూర్చోబెట్టాడు. ఆ కాగితం అచ్చువెయ్యలేదు. కండక్టరమ్మకి కార్ఖానా తరఫునుంచి న్యాయంగా అందాల్సింది అందింది. కొత్త గొడ్డలి నాలుగు నెలలు ఆలస్యంగా బజారులోకి వచ్చింది. మోస్తరుగా అమ్ముడుపోయింది. దాని మీద ఎవరి పేరూ లేదు, అతను కావాలని అడగనూ లేదు.

సంఘం వాళ్ళు బావమరిది పేరు మళ్ళీ జాబితాలోకి ఎక్కించారు. ఎక్కించిన వెంటనే కొండకి వెళ్ళలేదతను, ఆరు నెలలు ఆలోచించి వెళ్ళాడు. సంచిలో గొడ్డలి పెట్టుకోవడం మానేశాడు. మడిచిపెట్టుకునే రంపం ఒకటి తీసుకెళ్తాడు. నడకవాళ్ళకి నిజానికి అదే చాలంటాడు. ఆదివారాలు కండక్టరమ్మ ఇంటికి వెళ్ళడం మాత్రం పూర్తిగా మానలేదు. నెలకోసారి వెళ్ళి టీ తాగి వస్తాడు. ఇప్పుడు సిలిండరు మోసేది మిల్లీమీటరు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ తలుపు దగ్గరే నిలబెట్టి, "అతనికి చెప్పారా?" అని అడిగింది. చెప్పానన్నాక లోపలికి రానిచ్చింది. కూర్చోమని మాత్రం ఇంతవరకు అనలేదు.

కార్ఖానాలో కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజే పక్కన కూర్చోబెట్టుకుని ఈ సంగతంతా చెప్పడం అలవాటు చేసుకున్నాడు. ఎవరో ఆ మాట భార్య చెవిన వేశారు.

"ఎందుకు అందరికీ చెప్పుకుని తిరుగుతారు? పోయిన పరువు తిరిగొస్తుందా?" అంది ఆమె.

"పరువు కోసం కాదు," అన్నాడు. "చెప్పకుండా ఉండటం నాకు చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. అందుకని."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి అతని ముందు టీ గ్లాసు పెట్టింది, అడగకుండానే. అలా పెట్టడం ఏడాదిన్నర తర్వాత అదే మొదటిసారి.

మొన్న వర్షాలకి ముందు, అక్క పిలిస్తే బావమరిది భోజనానికి వచ్చాడు. తినడం అయ్యాక వెళ్ళబోతూ, సంచిలోంచి గుడారం కర్ర ఒకటి తీశాడు. అతుకు దగ్గర నెర్రె విచ్చింది. ఒక్క క్షణం చేతిలో పట్టుకుని తటపటాయించి మిల్లీమీటరుకి ఇచ్చాడు.

"ఇది పనికొస్తుందేమో చూడండి."

మిల్లీమీటరు వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు. గొట్టం తొడిగి అతికితే పైకి కొత్తదానిలా కనిపిస్తుంది. వేళ్ళు అప్పుడే ఏ కొలత గొట్టం కావాలో లెక్కవేస్తున్నాయి. ఇంటికొచ్చిన బావమరిది తనంతట తాను ఒక పని అడిగి ఎన్నాళ్ళయిందో.

"అతకొచ్చు," అన్నాడు. "కానీ నెర్రె లోపలికి కూడా పోయింది. మామూలు గాలికి ఆగుతుంది. పెద్ద గాలికి ఆగుతుందని నేను చెప్పలేను. విరిగితే గుడారంలో పడుకున్నవాళ్ళ మీద పడుతుంది."

బావమరిది కర్ర వెనక్కి తీసుకుని, నెర్రె మీద వేలు పోనిచ్చి చూసుకున్నాడు.

"అయితే కొత్తది కొంటాను," అన్నాడు. కర్ర సంచిలో పెట్టుకుని, అక్కకి చెప్పి, వెళ్ళిపోయాడు.